నాయన కత్తికి ఒర
(తోలు ఒరను కాపాడుకొను విధానము)

 

నేను ఈసారి గోడ పత్రికకు తోలు ఒర గురించి రాస్తానంటే మన గదిలో కొందరు నవ్వారు. "పువ్వుల గురించి రాయి, నెమలి గురించి రాయి, తోలు గురించి ఎవరన్నా రాస్తారా?" అన్నారు. నెమలి గురించి పోయిన నెల వచ్చింది. తోలు గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. మనలో చాలామంది నాయనలు, అన్నలు, తాతలు నడుముకు కత్తి కట్టుకొని అడవికి, చెట్టుకు పోయేవారే. అందుకని ఈ పాఠం అందరికీ పనికివస్తుందని రాస్తున్నాను. ఇంకొక కారణం కూడా ఉన్నది. అది కిందకు చదివితే తెలుస్తుంది.

ఒర అంటే ఏమి?

కత్తిని పెట్టుకొనే తొడుగును ఒర అంటారు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అనే సామెత మనం తెలుగు పాఠంలో చదివాము. కర్రతో చేసిన ఒర ఉంటుంది, తోలుతో చేసిన ఒర ఉంటుంది. మా ఊరు శబరి ఒడ్డున ఉన్నది. మా నాయన తాడి చెట్లు గీస్తాడు. గీత కత్తి పదును చాలా ఎక్కువ. గెల కొసను రోజూ రెండు పూటలా పలుచగా గీయాలి కనుక మొండి కత్తి పనికిరాదు. నాయన ఆ కత్తిని తోలు ఒరలో పెట్టి, మొలకు వెనక పక్క కట్టుకొని చెట్టు ఎక్కుతాడు.

ఒర కత్తిని కాపాడుతుంది అని అందరూ అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నాను. కాని ఒర మొదట కాపాడేది మనిషిని. ఆ తరువాతనే కత్తిని.

నేను చేసిన తప్పు

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాను. అమ్మ ఇల్లు అలుకుతుంటే నేను సామాన్లన్నీ కడిగాను. గుంజకు వేలాడుతున్న నాయన ఒర కూడా కనిపించింది. నల్లగా, జిడ్డుగా, పులిసిన కల్లు వాసన వస్తున్నది. పండగకు శుభ్రంగా ఉండాలని నీళ్ళలో నానబెట్టి, బట్టల సబ్బు పెట్టి కొబ్బరి పీచుతో బాగా రుద్దాను. తెల్లారి నాయనకు కావాలి కదా, తొందరగా ఆరాలని రాత్రి పొయ్యి గట్టు మీద పెట్టి పడుకున్నాను.

తెల్లవారి చూస్తే ఒర చెక్కలాగ గట్టిపడింది. మూతి ముడుచుకొని వంకరపోయింది. కత్తి లోపలికి సగమే పోయింది. నాకు భయం వేసి, ఆముదం సీసా తీసి ఒర నిండా పోశాను. ఆ సాయంత్రానికి పైన మెత్తబడి జారిపోతున్నది, కుట్టు దగ్గర మాత్రం అట్లనే పెళుసుగా ఉన్నది. నాయన చూశాడు. ఏమీ అనలేదు. కత్తిని గట్టిగా నొక్కి దోపుకొని పోయాడు.

మూడోరోజు పొద్దున చెట్టు దిగేటప్పుడు ఒర కుట్టు విడిపోయింది. కత్తి మొన బయటికి వచ్చి తుంటి మీద కోసింది. నాలుగు వేళ్ళంత పొడవు తెగింది. చెట్టు మధ్యలో ఉన్నాడు కనుక చేతులు వదలలేడు. రక్తం కారుతుండగనే మెల్లగా దిగాడు. ఆసుపత్రిలో ఏడు కుట్లు వేశారు, ధనుర్వాతం సూది వేశారు. నెల రోజులు చెట్టు ఎక్కవద్దన్నారు.

కల్లు గీసేవారి ఇంటి పిల్లలకు నెల రోజులు అంటే ఏమిటో తెలుసు. రోజూ గీయకపోతే గెల కొస ఎండి కల్లు ఆగిపోతుంది. చిన్నాన్న మూడు చెట్లు చూసుకున్నాడు. తక్కిన చెట్లు ఆ ఏటికి పోయినవి. నాయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. "బడిలో అన్నీ చెబుతారు కదా, తోలు సంగతి పుస్తకంలో లేదా?" అని మాత్రం అడిగాడు. నాయన చదువుకోలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నాకు ఏడుపు వచ్చింది.

హాస్టలుకు తిరిగి వచ్చాక సైన్సు సారును అడిగాను. అంతకు ముందే, కొత్త ఒర కోసం సంతకు పోయినప్పుడు చెప్పులు కుట్టే తాతను అడిగాను. వారిద్దరు చెప్పినవి కలిపి ఈ పాఠం రాస్తున్నాను.

తోలు అంటే ఏమి?

తోలు జంతువు చర్మమే. చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. అది సన్నని పోగులుగా, దారాలు చిక్కుపడినట్లు అల్లుకొని ఉంటుంది. పచ్చి చర్మం తడిగా ఉంటే కుళ్ళిపోవును, ఎండితే రేకులాగ బిర్రబిగియును. అందుకని దానిని ఊనాలి. ఊనడం అంటే చర్మం కుళ్ళకుండా తోలుగా మార్చడం.

తాత చెప్పిన పద్ధతి ఇది. మొదట చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెడతారు. అప్పుడు వెంట్రుకలు ఊడివస్తాయి. గీకి శుభ్రం చేసి, సున్నం పోయేటట్లు కడుగుతారు. తరువాత తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్ళలో చాలా రోజులు ఊరబెడతారు. వీటిలో టానిన్ అనే పదార్థం ఉంటుంది. పచ్చి కరక్కాయ కొరికితే నోరు వగరుగా పట్టుకుంటుంది కదా, ఆ వగరే టానిన్. అది కొల్లాజెన్ పోగులను పట్టుకొని కుళ్ళకుండా చేస్తుంది.

మనం అడవిలో కరక్కాయలు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముతాము. ఈ సంస్థ 1956లో ఏర్పడింది. మనం ఏరే కాయ మందులకే పోతుందని అనుకునేదాన్ని. తోలు ఊనడానికి కూడా వాడతారని ఇప్పుడు తెలిసింది. తోలు మీద పరిశోధన చేయడానికి 1948లోనే మద్రాసులో ఒక కేంద్ర సంస్థ పెట్టారని సారు చెప్పారు. తోలు గురించి రాస్తే నవ్వేవారు ఇది గమనించగలరు.

ఇంకొక రకం తోలును క్రోమియం లవణాలతో ఊనుతారు. కొత్తగా కోసిన అంచు చూస్తే తేడా తెలుస్తుంది. చెట్టు చెక్కతో ఊనిన తోలు అంచు లోపలి దాకా గోధుమ రంగుగా ఉంటుంది. క్రోమియంతో ఊనినది చాలాసార్లు లోపల నీలం కలిసిన బూడిద రంగుగా ఉంటుంది. ఒరకు చెక్కతో ఊనిన మందపు గేదె తోలు మంచిది. తడిపి కత్తి ఆకారానికి ఒత్తితే ఆరిన తరువాత ఆ ఆకారం నిలుస్తుంది.

పొయ్యి దగ్గర ఎందుకు పెట్టరాదు?

కోడిగుడ్డు తెల్లసొన పచ్చిగా ఉన్నప్పుడు జారుతుంది. వేడి తగిలితే గట్టిపడుతుంది. మళ్ళీ చల్లారబెట్టినా జారదు. మాంసకృత్తులకు వేడి తగిలితే అట్ల మారిపోతాయని సారు చెప్పారు. తడిసిన తోలుకు వేడి తొందరగా తగులుతుంది. చెట్టు చెక్కతో ఊనిన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70 నుండి 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే ముడుచుకుపోవును. నీళ్ళు మరిగే వేడి 100 డిగ్రీలు. అంటే నీళ్ళు మరగక ముందే తోలు చెడిపోతుంది. అంత వేడి లేకపోయినా, తొందరగా ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకొని తోలు గట్టిపడుతుంది. ముడుచుకున్న పోగు మళ్ళీ సాగదు. నేను ఎంత ఆముదం పోసినా ఒర మారకపోవడానికి కారణం అదే. పైగా సబ్బు తోలులోని నూనెను తీసేసింది.

నూనె ఎందుకు? ఎంత?

మనం మోచేతులు కదిలించినట్లు తోలులోని పోగులు కూడా వంగినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. వాటి మధ్య నూనె ఉంటే సులువుగా జరుగుతాయి. లేకపోతే రాసుకొని తెగుతాయి. అప్పుడు తోలు మీద పగుళ్ళు వస్తాయి.

అయితే ఇక్కడ ఒక సంగతి ఉన్నది. చెప్పుకు వేరు, ఒరకు వేరు. చెప్పు మెత్తగా ఉంటే మంచిది. ఒర మెత్తబడితే కత్తిని పట్టుకోలేదు. కత్తి దోపేటప్పుడు తోలు వంగిపోయి అంచు పక్కకు కోసుకొని బయటికి వస్తుంది. నేను తెచ్చిన ఒరను చూసి తాత "ఇది ఒరా, దోసెనా అమ్మా? అన్నం ఆకలైన వాడికి పెట్టాలి, నూనె ఎండిన తోలుకు పెట్టాలి. రెండూ ఎక్కువైతే రోగమే" అన్నాడు. నూనె లేకపోవడం ఎంత తప్పో, ఎక్కువ కావడం అంత తప్పు.

కావలసిన వస్తువులు

1. మెత్తని పాత నూలు గుడ్డలు రెండు
2. ఆముదం అర చెంచా. కానుగ నూనె అయినా సరే.
3. తేనె మైనం కొంచెం
4. ఒక చిన్న గిన్నె, ఒక పెద్ద గిన్నె
5. కత్తి ఆకారంలో చెక్కిన కర్ర ముక్క

చేయు విధానము

మొదట పెద్దవారితో కత్తిని ఒరలోంచి తీయించవలెను. పిల్లలు తీయరాదు. తీసేటప్పుడు ఒరను అంచు ఉన్న పక్క చేత్తో చుట్టి పట్టుకోరాదు. కుట్టు బలహీనంగా ఉంటే అరచేయి తెగుతుంది.

ఒరను తలకిందులు చేసి మెల్లగా తట్టవలెను. లోపలి ఇసుక, చెక్కపొట్టు రాలిపోతుంది. లోపల ఇసుక ఉంటే కత్తి దోపినప్పుడల్లా పదును పోతుంది. లోపల నీళ్ళు పోయరాదు.

పైన మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవాలి. కల్లు జిడ్డు ఉంటే గుడ్డను తడిపి బాగా పిండి, దానితో తుడవాలి. అంతకంటే నీళ్ళు అవసరం లేదు. తరువాత నీడలో గాలి తగిలే చోట వేలాడదీయాలి.

ఆరిన తరువాత గుడ్డకు ఆముదం అద్ది పైన పలుచగా రుద్దాలి. ఒర పెద్దదైనా అర చెంచాకు మించకూడదు. ఒక రాత్రి వదిలేస్తే నూనె అంతటా సమంగా పాకుతుంది. ఉదయం పొడి గుడ్డతో తుడవాలి. వేలికి జిడ్డు అంటకూడదు. లోపల పక్క నూనె రాయకూడదు. రాస్తే దుమ్ము పట్టుకొని ముద్ద అవుతుంది.

చివరకు మైనం. ఒక వంతు మైనానికి మూడు వంతుల ఆముదం కలిపి చిన్న గిన్నెలో వేసి, పెద్ద గిన్నెలోని వేడినీళ్ళలో ఆ గిన్నె పెట్టాలి. తేనె మైనం 62 నుండి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక వేడినీళ్ళు చాలు. నేరుగా మంట మీద పెట్టరాదు, అంటుకుంటుంది. ఇది కూడా పెద్దవారు దగ్గర ఉన్నప్పుడే చేయాలి. చల్లారి వెన్నలాగ అయిన తరువాత కొంచెం గుడ్డతో తీసి పైనా, కుట్టు మీదా, అంచుల మీదా రుద్దాలి. ఆకు మీద నీటి బొట్టు జారినట్లు, మైనం రాసిన తోలు మీద వాన బొట్టు కొంతసేపు నిలిచి జారిపోతుంది.

ఇట్లా సంవత్సరానికి రెండుసార్లు చాలు. గీత మొదలుకాక ముందు ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి. ఊరికే వారం వారం రాయరాదు.

వానలో తడిస్తే

కత్తిని వెంటనే తీసివేయవలెను. ఒర నీళ్ళు గుడ్డతో అద్ది, లోపల కర్ర ముక్కకు పొడి గుడ్డ చుట్టి పెట్టాలి. కర్ర వలన ఒర ఆకారం పోదు. ఎండలో కాదు, పొయ్యి దగ్గర అసలే కాదు, నీడలో గాలికి వేలాడదీయాలి. రెండు రోజులు పట్టినా సరే. అంతవరకు కత్తిని గోనె గుడ్డలో మందంగా చుట్టి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. తొందరపడి నేను ఒక రాత్రి మిగుల్చుదామనుకున్నాను, నెల రోజులు పోయినవి.

బూజు పడితే బయటకు తీసుకుపోయి పొడి గుడ్డతో తుడిచి, కొంచెం సేపు మాత్రం ఎండ చూపి నీడకు మార్చాలి. పెట్టెలో, ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టకూడదు. గాలి లేక మళ్ళీ పడుతుంది.

కత్తిని ఒరలోనే ఉంచవచ్చునా?

పని ఉన్న రోజు ఉంచవచ్చును. కాని గీత అయిపోయాక నెలల తరబడి ఒరలోనే ఉంచితే తుప్పు పట్టును. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కత్తి ఆ తేమలోనే ఉంటుంది. కల్లు కూడా పులిసి ఆమ్లం అవుతుంది. అది కత్తి మీద మిగిలితే ఇనుమును తింటుంది. కనుక రోజూ కత్తిని తుడిచి, బాగా ఆరిన తరువాతే దోపాలి.

నాయన పాత ఒరను విప్పి చూస్తే లోపల కత్తి ఆనిన చోటల్లా కాటుక లాంటి నల్ల మరక ఉన్నది. మురికి అనుకున్నాను. సారు ఒక గ్లాసులో కరక్కాయ పొడి నానబెట్టిన నీళ్ళు పోసి, అందులో అన్నభేది చిటికెడు వేశారు. అన్నభేది ఇనుము లవణం. చూస్తుండగానే నీళ్ళు నల్లగా మారినవి. టానిన్, ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. పూర్వం సిరా ఇట్లనే చేసేవారట. ఒరలో నల్ల మరక ఉంటే లోపల తడి ఉన్నదని, కత్తి తుప్పు పడుతున్నదని గుర్తు. ఈ వ్యాసం పేరును పైన ఆ సిరాతోనే రాశాను. తాకి చూడకండి, అంటుకుంటుంది.

జాగ్రత్తలు

కల్లు కుండకు రాసే సున్నం డబ్బాను ఒర దగ్గర పెట్టరాదు. సున్నం చర్మం వెంట్రుకలనే ఊడదీస్తుంది, తోలునూ పాడుచేస్తుంది.

ఇత్తడి రివెట్టు చుట్టూ ఆకుపచ్చ చిలుము వస్తే పొడి గుడ్డతో, పుల్లతో తీయాలి. ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండు పెట్టరాదు. పులుపు తోలుకూ కత్తికీ పడదు.

వంట నూనె వాడరాదు. కొన్నాళ్ళకు కంపు కొడుతుంది, ఎలుకలు కొరుకుతాయి.

అన్నింటికంటే ముఖ్యం కుట్టు. తాత కొత్త ఒర కుట్టేటప్పుడు చూశాను. రెండు తోళ్ళ మధ్య, కత్తి అంచు వచ్చే పక్క ఇంకొక సన్నని తోలు పట్టీ పెట్టాడు. కత్తి అంచు ఆ పట్టీకి తగులుతుంది కాని దారానికి తగలదు. ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు వైపులనుంచి కుట్టాడు. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు ఊడదు. వారానికి ఒకసారి కత్తి తీసిన తరువాత కుట్టును వేలితో తడిమి చూడాలి. ఒక్క పోగు లేచినా, తోలు పగిలినా ఆ ఒరను కట్టుకొని చెట్టు ఎక్కరాదు. నూనె కుట్టును బాగుచేయదు. కుట్టేవారి దగ్గరకు పోవలసిందే.

తాత సంతలో చివరన, చింతచెట్టు కింద కూర్చుంటాడు. కొందరు డబ్బు కూడా చేతికివ్వక ముందర పడేసి పోతుంటే చూశాను. నాయన కుంటుతూ వచ్చి తాత పక్కనే గోనె మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే చెంబులో నీళ్ళు తాగారు. డబ్బు కొంత ఇచ్చి, మిగతాదానికి మేము తెచ్చిన తేనె మైనం ఇచ్చాము. కరక్కాయ మనది, మైనం మనది, పనితనం తాతది. మూడూ కలిస్తేనే నాయన నడుము మీద ఒర అయింది.

ముగింపు

ఇప్పుడు నాయన మళ్ళీ చెట్టు ఎక్కుతున్నాడు. మచ్చ ఉన్నది. మొన్న నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఒర చూపించాడు. నేను చెప్పినట్లే మైనం రాశాడట. కుట్టు తడిమి చూశాను, గట్టిగా ఉన్నది. "పుస్తకంలో ఉన్నదా మరి?" అన్నాడు. "లేదు నాయనా, నేనే రాస్తున్నా" అన్నాను.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఈ వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్లో ఒర ఉంటే పెద్దవారితో కత్తి తీయించి కుట్టు చూడండి. తొలకరికి ముందు మైనం రాయండి. కడగకండి, పొయ్యి దగ్గర పెట్టకండి. తిరిగి వచ్చాక ఎన్ని ఒరలు చూశారో నాకు చెప్పండి, ఈ గోడ మీదే రాద్దాము.

ఆలోచించి చెప్పండి

1. ఒర మొదట ఎవరిని కాపాడుతుంది?
2. చెప్పుకు రాసినంత నూనె ఒరకు ఎందుకు రాయరాదు?
3. ఒర లోపల నల్ల మరక ఎందుకు వస్తుంది?
4. మీ ఊళ్ళో తోలు కుట్టేవారు ఎవరు? వారి దగ్గర కూర్చొని ఒక్క విషయం నేర్చుకొని రండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి